పాత అంబాసిడర్‌కి డిస్క్ బ్రేకులు: అసలు పనంతా పైపుల్లోనే

మా అంబాసిడర్‌కి ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు వేయించానని తెలిసిన దగ్గర్నుంచి, పాత కారున్న వాళ్లంతా ఒకటే అడుగుతున్నారు: డిస్కులు ఎక్కడ దొరికాయండీ అని. పైపులు ఎలా వేశారని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. డిస్కు, దాన్ని ప్యాడ్లతో రెండు పక్కలా నొక్కి పట్టే క్యాలిపరు బిగించడం పెద్ద విద్య కాదు. బోల్టు రంధ్రాలు కలిశాయా లేదా, రిమ్ముకి తగులుతోందా లేదా అన్నది కంటికి కనిపిస్తుంది. పైపుల సంగతి అలా కాదు. తప్పుగా కలిపిన పైపు కూడా బిగిసినట్టే ఉంటుంది. షెడ్డులో నిలబెట్టి తొక్కి చూస్తే పెడల్ కూడా గట్టిగానే ఉంటుంది. తేడా బయటపడేది రోడ్డు మీద, ప్రాణభయంతో తొక్కిన క్షణంలో. అందుకే డిస్కుల సంగతి క్లుప్తంగా చెప్పి, పైపుల గురించే వివరంగా రాస్తున్నాను.

కారు మార్క్ 4, పెట్రోలు, 1489 సీసీ ఇంజన్. నాన్నగారు కొన్నది. నాలుగు చక్రాలకూ డ్రమ్ములే, కాలి బలానికి తోడుగా పెడల్‌ని నెట్టే బూస్టర్ లేదు. పెడల్ తొక్కగానే ఆయిల్‌ని పైపుల్లోకి నెట్టే మాస్టర్ సిలిండర్‌లో గది ఒక్కటే. అందులోంచి వచ్చే ఒకే పైపు చీలి నాలుగు చక్రాలకూ వెళ్తుంది. అంటే ఎక్కడ ఒక్క గొట్టం పగిలినా నాలుగు బ్రేకులూ ఒక్కసారే పోతాయి. ఆ కాలం కార్లు చాలావరకు ఇంతే.

మేముండేది అమలాపురం దగ్గర. ఇక్కడ ఏ ఊరికి వెళ్లాలన్నా సగం దారి కాలవ గట్టు మీదే. ఒకపక్క కాలవ, రెండో పక్క పల్లంలో చేను, ఎదురుగా కొబ్బరికాయల లోడుతో వ్యాను. సార్వా కోతలు అయ్యాయంటే సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి ఉంటుంది. దమ్ము చేసే రోజుల్లో ట్రాక్టర్లు చేలోంచి నల్లమట్టి మోసుకొచ్చి తారు మీద వదులుతాయి, దాని మీద నాలుగు చినుకులు పడితే టైరు నిలవదు. వానల్లో నీళ్లు నిలిచిన చోట దాటామంటే డ్రమ్ముల్లోకి నీరు చేరి, అవి ఆరేదాకా బ్రేకు పట్టదు. ఇంట్లో పిల్లల్ని ఎక్కించుకుని తిరిగే కారు ఇది. షోకు కోసం కాదు, ఆగాలని చేయించాను.

చివరి ఏళ్లలో వచ్చిన అంబాసిడర్లకు ముందు డిస్కులు వచ్చాయి. ఆ సెట్టు విజయవాడ ఆటోనగర్‌లో దొరికింది. స్టబ్ యాక్సిల్, హబ్, డిస్కు, క్యాలిపర్ అన్నీ కలిపి తీసుకున్నాం. క్యాలిపర్లు విప్పి పిస్టన్లు, సీళ్లు కొత్తవి వేయించాం. బిగింపు సాఫీగా అయిపోయింది, దాని గురించి ఇంతకంటే చెప్పేదేమీ లేదు. మాస్టర్ సిలిండర్, బూస్టర్ మాత్రం ఆ కారువి దొరకలేదు. జపాన్ డిజైనుతో ఇక్కడ తయారైన ఒక వ్యానువి తీసుకోవాల్సి వచ్చింది. చిక్కంతా అక్కడ మొదలైంది.

ముందు మాస్టర్ సిలిండర్ ఎంపిక గురించి. రెండు గదులున్న ఏ సిలిండరైనా పనికొస్తుందని షాపుల్లో అంటారు. నమ్మకండి. ముందు చక్రాలతో నడిచే చిన్న కార్లలో ఎక్కువ వాటికి రెండు సర్క్యూట్లు, అంటే ఒక్కో గదికి విడిగా ఉండే ఆయిల్ దారులు, ఐమూలగా ఉంటాయి: ముందు కుడి, వెనక ఎడమ ఒక జత, ముందు ఎడమ, వెనక కుడి ఇంకో జత. మనది వెనక ఇరుసుతో నడిచే బండి, వెనక రెండు డ్రమ్ములకూ ఇరుసు దాకా వచ్చేది ఒకటే పైపు. మనకు కావాల్సింది ముందు రెండూ ఒక గది, వెనక రెండూ ఒక గది. అందుకే ముందు డిస్కు, వెనక డ్రమ్ము ఉన్న, వెనక చక్రాలతో నడిచే వాహనం సిలిండరే వెతికాం. బోరు, అంటే సిలిండర్ లోపలి వ్యాసం, కూడా చూసుకోవాలి. బోరు సన్నగా ఉంటే తక్కువ బలంతో ఎక్కువ ప్రెషర్ వస్తుంది, కానీ పెడల్ చాలా కిందికి దిగుతుంది. బోరు పెద్దదైతే పెడల్ పైనే ఆగుతుంది, కాలు నొప్పి పుట్టేలా తొక్కాలి. డ్రమ్ము సిలిండర్లకంటే క్యాలిపర్ పిస్టన్లు చాలా పెద్దవి, ఎక్కువ ఆయిల్ తాగుతాయి. పాత డ్రమ్ము మాస్టర్‌నే ఉంచేసి ముందు డిస్కులు తగిలించేవాళ్లున్నారు. పెడల్ నేలకు తగిలేది అందుకే.

ఇక థ్రెడ్ల సంగతి. ఇది చదివేవాళ్లు మిగతావన్నీ మర్చిపోయినా ఇదొక్కటి గుర్తుంచుకోవాలి. పాత కారు పైపు నట్లు అంగుళాల కొలత: 3/8 అంగుళం, అంగుళానికి 24 చుట్లు. కొత్త మాస్టర్ పోర్టులు మిల్లీమీటర్ కొలత: 10 మిల్లీమీటర్లు, చుట్టుకీ చుట్టుకీ మధ్య 1 మిల్లీమీటరు. లెక్క వేసి చూడండి. 3/8 అంగుళం అంటే 9.5 మిల్లీమీటర్లు. అంగుళానికి 24 చుట్లంటే చుట్టుకీ చుట్టుకీ మధ్య 1.06 మిల్లీమీటరు. కంటికి రెండూ ఒకటే. అంగుళం నట్టును మిల్లీమీటర్ రంధ్రంలో పెడితే వదులుగా అయినా లోపలికి వెళ్లిపోతుంది, చివర్లో బిగిసినట్టు కూడా ఉంటుంది. కానీ పట్టుకున్నది థ్రెడ్డు అంచులు మాత్రమే. గట్టిగా తొక్కినప్పుడు లైన్లో ప్రెషర్ వంద బార్ దాకా పోవచ్చు. ఆ అంచులు దానికి ఆగవు. మిల్లీమీటర్ నట్టును అంగుళం రంధ్రంలో పెడితే ఒకటి రెండు చుట్లకే పట్టేస్తుంది. స్పానర్ వేసి బలవంతం చేస్తే పోర్టు థ్రెడ్డే తెగిపోతుంది.

మాకు నట్లు అమ్మిన షాపులో రెండు రకాలూ ఒకే డబ్బాలో కలిపి ఉన్నాయి. రావులపాలెంలో మా మెకానిక్ బాబాయ్ వాటిని బల్ల మీద పోసి ఒక్కొక్కదాన్నీ థ్రెడ్ గేజితో కొలిచి వేరు చేశారు. ఆయన దగ్గర పని నేర్చుకునే కుర్రాడు ఒక నట్టు తీసి, "వదులుగా ఉంటే టెఫ్లాన్ టేపు చుట్టి బిగించేద్దామండీ, కారదు," అన్నాడు. బాబాయ్ పని ఆపి వాడిని దగ్గరకు పిలిచి పైపు కొన చూపించారు. "ఇది నీళ్ల కొళాయి కాదురా. ఇక్కడ ఆయిల్‌ని ఆపేది థ్రెడ్డు కాదు, ఈ పైపు నోరు లోపల సీటు మీద కూర్చుని ఆపుతుంది. థ్రెడ్డు పనల్లా దాన్ని నొక్కి పట్టుకోవడమే. టేపు ముక్క ఊడి మాస్టర్‌లోకి పోయిందంటే ఏవౌతుంది?" అన్నారు. నేను పక్కనే ఉన్నాను. ఆ మాటతో నాకూ పైపుల పని సగం అర్థమైపోయింది.

పైపు నోరంటే ఫ్లేర్. ఇందులో రెండు రకాలు. ఒకటి గరాటులా విచ్చుకుని అంచు లోపలికి మడత పడి రెండు పొరలుగా ఉంటుంది, దాన్ని డబుల్ ఫ్లేర్ అంటారు. ఇంకోటి కొనకు కాస్త వెనక చిన్న బుడగలా ఉబ్బి ఉంటుంది, అది బబుల్ ఫ్లేర్. ఏది వేయాలో పోర్టే చెబుతుంది. టార్చి వేసి లోపలికి చూస్తే అడుగున శంకువులా ఎత్తు ఉంటే దాని మీద కూర్చోవడానికి గరాటు నోరు కావాలి. ఎత్తు లేకుండా లోపలికి గుంటలా ఉంటే బుడగ నోరు కావాలి. ఒకదానిలో ఇంకోటి వేసినా ఆ పూటకు కారదు, కొన్నాళ్లకు కారుతుంది. ఒకే పొర ఉన్న సింగిల్ ఫ్లేర్ బ్రేకులకు అసలు వద్దు, అంచు చీలుతుంది.

ఒక కొలత నుంచి ఇంకో కొలతకు మార్చే ఇత్తడి అడాప్టర్లు దొరుకుతాయి. బాబాయ్‌కి అవి నచ్చలేదు. ప్రతి అడాప్టరూ అదనంగా ఒక జాయింటు, ప్రతి జాయింటూ కారడానికి ఒక చోటు. పైపు ఎలాగూ కొత్తదే కాబట్టి, ఒక కొనకు మిల్లీమీటర్ నట్టు వేసి మాస్టర్‌కి సరిపడే నోరు, రెండో కొనకు అంగుళం నట్టు వేసి, పైపులు చీలే పాత జంక్షన్‌కి సరిపడే నోరు తీశాం. నోరు తీయకముందే నట్టు పైపులోకి ఎక్కించాలి, తీశాక ఎక్కదు. పైపును రంపంతో కోయకూడదు, చిన్న పైపు కట్టర్‌తో తిప్పి కోసి లోపలి అంచు గీకాలి. ఇనప రజను ఒక్కటి లోపల మిగిలినా మాస్టర్ రబ్బరు కోసుకుపోతుంది.

పైపు దేంతో చేసిందన్నది మా ప్రాంతంలో ఇంకా ముఖ్యం. కారు అంతర్వేది, ఓడలరేవు వైపు తరచూ వెళ్తుంది. పాత ఇనప పైపుల మీద గ్రీసు, మట్టి కలిసి గట్టిపడి ఉంది. పైకి బాగానే కనిపించాయి. క్లిప్పుల కింద గోకి చూస్తే తుప్పు గుంటలు. ఉప్పు గాలి, తడి మట్టి క్లిప్పు కింద నిలిచిపోతాయి, పైపును తుప్పు అక్కడే తినేస్తుంది. వెనక ఇరుసుకు వెళ్లే పైపును బాబాయ్ వేళ్లతో వంచితే ఒకచోట పుటుక్కున విరిగింది. అప్పటిదాకా మేం ఆ పైపు మీద ఆధారపడి వంతెనలు దాటాం.

మళ్లీ ఇనపది వేయడం ఇష్టం లేకపోయింది. ఫ్రిజ్, ఏసీ మెకానిక్‌ల దగ్గర అదే సైజులో మెత్తటి రాగి పైపు దొరుకుతుంది, చవక, చేత్తోనే వంగుతుంది. చాలాచోట్ల బ్రేకులకు అదే వేసేస్తున్నారు. దయచేసి ఆ పని చేయకండి. రాగి అదురుకు నెమ్మదిగా గట్టిపడి పెళుసుబారుతుంది, నోరు దగ్గర పగులుతుంది. మేం తెప్పించింది రాగి, నికెల్ కలిసిన పైపు. రాగి 90 పాళ్లు, నికెల్ 10 పాళ్లు. 3/16 అంగుళం, అంటే 4.75 మిల్లీమీటర్ల వ్యాసం. తుప్పు పట్టదు, ఇనుముకంటే సులువుగా వంగుతుంది, నోరు చక్కగా వస్తుంది. ఇనప పైపుకంటే ఖర్చెక్కువే. సముద్రం పక్కన ఉన్నవాళ్లకు ఆ ఖర్చు గిట్టుబాటే.

పైపు వంచే ముందు ప్రతి దారికీ గట్టి తీగతో నమూనా వంచుకున్నాం. తీగ సరిపడ్డాకే పైపు కోశాం. సైలెన్సర్ గొట్టానికి దూరంగా, ఛాసిస్ లోపలి వైపు తీసుకొచ్చి అడుగుకో క్లిప్పు వేశాం, ప్రతి క్లిప్పు కిందా రబ్బరు తొడుగు. మాస్టర్ నుంచి దిగేచోట పైపుకు రెండు చుట్లు తిప్పి వదిలాం. ఇంజన్ అదురు, బాడీ అదురు ఆ చుట్లు మింగేస్తాయి, నోటి మీద పడదు.

పాత జంక్షన్ బ్లాకు దగ్గర ఒక విషయం చాలామందికి తట్టదు. మా కారులో బ్రేకు లైటు స్విచ్చి ఆ బ్లాకులోనే ఆయిల్ ప్రెషర్‌తో పనిచేసేది. సర్క్యూట్లు రెండుగా విడగొట్టాక ఆ స్విచ్చి ఏదో ఒక దాంట్లోనే ఉంటుంది. ఆ సర్క్యూట్ పోయిన రోజున రెండోదాంతో కారు ఆగుతుంది గానీ వెనక లైటు వెలగదు, వెనకొచ్చే లారీకి తెలియదు. అందుకే దాన్ని తీసేసి పెడల్ దగ్గర నొక్కుడు స్విచ్చి పెట్టాం.

క్యాలిపర్‌కి వెళ్లే రబ్బరు హోసులు కొత్తవే వేశాం. స్టీరింగు ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పి, చక్రం గాల్లో వేలాడేలా జాకీ ఎత్తి, హోసు ఎక్కడైనా లాగుతోందా, మెలి పడుతోందా, టైరుకు రాసుకుంటోందా అని చూశాం. హోసు కొనకు ఉండే బాంజో బోల్టుకు (మధ్యలోంచి ఆయిల్ పోయే బోల్టు) రెండు పక్కలా రాగి వాషర్లు ఉండాలి, విప్పిన ప్రతిసారీ కొత్తవి.

డ్రమ్ములకు, డిస్కులకు ఇంకో తేడా ఉంది. పాత మాస్టర్ లోపలి చివర ఒక చిన్న వాల్వు ఉంటుంది. పెడల్ వదిలేశాక కూడా లైన్లో 10 పీఎస్ఐ (చదరపు అంగుళానికి 10 పౌండ్లు) దాకా ప్రెషర్ నిలిపి ఉంచుతుంది. డ్రమ్ము సిలిండర్ల రబ్బరు కప్పులు అంచు విప్పుకుని గాలి పీల్చకుండా ఉండటానికి అది కావాలి, షూలు వెనక్కి లాగే స్ప్రింగులుంటాయి కాబట్టి నష్టం లేదు. డిస్కు ప్యాడ్లకు అలాంటి స్ప్రింగులేవీ లేవు. అదే ప్రెషర్ డిస్కు లైన్లో ఉంటే ప్యాడ్లు ఎప్పుడూ రాసుకుంటూనే ఉంటాయి, డిస్కు కాలిపోతుంది. మా కొత్త మాస్టర్‌లో ఆ వాల్వు లేదు. వెనక లైన్‌కి మాత్రం 10 పీఎస్ఐ వాల్వు విడిగా తెచ్చి వేశాం, ముందు లైన్‌కి ఏమీ లేదు. అలాగే బూస్టర్ కడ్డీకి, మాస్టర్ పిస్టన్‌కి మధ్య వెంట్రుకవాసి ఖాళీ ఉండాలి. అది లేకపోతే వేడెక్కిన ఆయిల్ వెనక్కి పోయే దారి మూసుకుపోయి, నడుస్తుండగా బ్రేకులు వాటంతటవే పట్టేస్తాయి. డీజిల్ అంబాసిడర్ ఉన్నవాళ్లకు బూస్టర్ నడవాలంటే వ్యాక్యూమ్ పంపు విడిగా కావాలి. మాది పెట్రోలు కాబట్టి ఇంజన్ గాలి పీల్చే మానిఫోల్డ్ నుంచే ఆ వ్యాక్యూమ్ తీసుకున్నాం.

కడగడం గురించి కూడా చెప్పాలి. షెడ్డుల్లో ఏది కడగాలన్నా కిరసనాయిలో పెట్రోలో తీస్తారు. బ్రేకు భాగాలకు అది విషం. బ్రేకు రబ్బర్లు ఆ నూనెలు తగిలితే ఉబ్బిపోతాయి. కొత్త పైపులన్నీ స్పిరిట్‌తో కడిగి గాలి కొట్టాం.

ఆయిల్ డాట్ 4 పోశాం. కొత్త డబ్బాలో అది కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. గాలిలో తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 155కి దిగొచ్చు. డాట్ 3 అయితే 205, తేమ చేరాక 140. మా దగ్గర గాలి ఏడాదిలో ఎక్కువ నెలలు తడిగానే ఉంటుంది, మూత తీసి పెట్టిన డబ్బా మళ్లీ వాడటానికి పనికిరాదు. అందుకని చిన్న డబ్బాలే కొన్నాం. డాట్ 5 అని ఇంకోటి ఉంది, అది సిలికాన్, వీటితో కలపకూడదు.

లైన్లలో చిక్కిన గాలి తీయడం, మాస్టర్‌ని వైసులో పట్టించి బల్ల మీదే మొదలుపెట్టాం. బండికి బిగించాక వెనక ఎడమ, వెనక కుడి, ముందు ఎడమ, ముందు కుడి వరసలో తీశాం. స్టీరింగు కుడివైపు ఉన్న మన బండ్లకు అదే దూరం నుంచి దగ్గరకు వచ్చే వరస. నేను పెడల్ మీద, బాబాయ్ గాలి వదిలే నిప్పల్ దగ్గర. "తొక్కు అబ్బాయ్... పట్టుకో... వదులు," అంటూ నిప్పల్‌కి తగిలించిన సన్న ట్యూబును సీసాలోని ఆయిల్లో ముంచి బుడగలు ఆగేదాకా తీశారు. క్యాలిపర్ల నిప్పల్ పైకి చూస్తూ ఉండాలి. కుడి క్యాలిపర్ ఎడమకు, ఎడమది కుడికి వేస్తే బోల్టులు చక్కగా పడతాయి గానీ నిప్పల్ అడుక్కి వెళ్తుంది. అప్పుడు ఎన్ని డబ్బాల ఆయిల్ పోసినా పైన చిక్కిన గాలి బయటకు రాదు. పెడల్ మెత్తగా ఉందని మాస్టర్లు మార్చుకుంటూ తిరిగేవాళ్లు ముందు ఇది చూసుకోవాలి.

తర్వాత ఇంజన్ వేసి పెడల్ బలమంతా పెట్టి తొక్కి పట్టుకున్నాను. బాబాయ్, కుర్రాడు ప్రతి జాయింటునూ పొడి గుడ్డతో తుడిచి, మళ్లీ వేలితో తడిమి చూశారు. ఒకచోట తేమ తగిలింది, వెనక లైన్ వాల్వు దగ్గర. ఇంకాస్త బిగిద్దామని కుర్రాడంటే బాబాయ్ ఒప్పుకోలేదు. విప్పి చూస్తే పైపు నోరు ఒకపక్కకు ఒరిగి ఉంది. కోసేసి కొత్త నోరు తీశారు.

ఇక రోడ్డు మీద పరీక్ష. డిస్కులు వేశాక ముందుకు బరువు బాగా వాలుతుంది, వెనక తేలిక పడుతుంది. అప్పుడు వెనక డ్రమ్ములు ముందే పట్టేస్తే తోక పక్కకు తిరుగుతుంది, కాలవ గట్టు మీద తోక తిరిగితే ఎక్కడికి పోతామో చెప్పక్కర్లేదు. అందుకే వెనక లైన్లో ప్రెషర్ తగ్గించే వాల్వు పెట్టాం, మర తిప్పి సర్దుకునే రకం. అది వెనక లైన్లోనే ఉండాలి, ముందు లైన్లో ఎప్పుడూ కాదు. తెల్లవారుజామున ఖాళీగా ఉన్న వెడల్పాటి రోడ్డు చూసుకుని, మా తమ్ముడిని పక్కన దూరంగా నిలబెట్టి, తక్కువ వేగంతో మొదలుపెట్టి గట్టిగా తొక్కుతూ వచ్చాను. ఏ చక్రం ముందు ఆగిపోతోందో వాడు చూసి చెప్పాడు. మొదట వెనకవే ముందు పట్టాయి. వాల్వు కొంచెం కొంచెం తగ్గిస్తూ, ముందు చక్రాలు పట్టిన తర్వాతే వెనకవి పట్టేదాకా సర్దాం. అదే పని తడి రోడ్డు మీదా చేశాం. తడి మీద కథ వేరు, చక్రాలు త్వరగా పట్టేస్తాయి. సరిపడ్డాక మర కదలకుండా లాక్ నట్టు వేశారు.

చేతి బ్రేకు వెనక డ్రమ్ముల మీదే ఉంది కాబట్టి మారలేదు, కేబుల్ మాత్రం బిగించాం. దాన్ని ఏటవాలులో నిలబెట్టి చూడాలి. మా డెల్టాలో ఏటవాలు అంటే వంతెన ఎక్కే దారే, జొన్నాడ వంతెన దగ్గర చూశాం, నిలిచింది.

కొన్ని వారాలు తిరిగాక మళ్లీ కారు ఎత్తి జాయింట్లన్నీ చూశాం, పొడిగా ఉన్నాయి. ఆయిల్ రెండేళ్లకోసారి పూర్తిగా మారుస్తాను. బాబాయ్ చేత మొత్తం లైన్ల బొమ్మ గీయించి కారు కాగితాలతో పాటు పెట్టాను. ఏ జాయింటు అంగుళం, ఏది మిల్లీమీటరు, ఏ కొనకు ఏ నోరు, వాల్వులు ఎక్కడ ఉన్నాయి అన్నీ అందులో ఉన్నాయి. కింద మిల్లీమీటర్ నట్లన్నిటికీ ఎర్ర పెయింటు చుక్క, అంగుళం నట్లకు తెల్ల చుక్క పెట్టాం. దారిలో ఏ ఊళ్లో ఆగినా, ఆ బండి ఎన్నడూ చూడని మెకానిక్‌కైనా స్పానర్ పట్టుకునే ముందే అవి కనిపిస్తాయి.